మూడోసారి అడిగితేనే

మొన్న కొల్లేటి లంకలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు అక్క కూతురు పద్మ అటక మీంచి ఒక మరచెంబు దింపి నా ముందు పెట్టింది. గుండ్రటి పొట్ట, మూతకి మర, పైన పట్టుకోవడానికి పిడి. ఇత్తడంతా చిలుం పట్టి పచ్చబడిపోయింది. మూత బిగుసుకుపోయి ఎటు తిప్పినా రావడం లేదు. "ఇదేంటి పిన్నీ, బాంబా?" అంది పద్మ. దానికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం ఒక్కతే రైలెక్కి వెళ్తోంది. నీళ్ళకి ప్లాస్టిక్ సీసా కొనుక్కుంది, ఉండటానికి హాస్టలు మాట్లాడుకుంది. దిగాక ఎవరింటి తలుపూ తట్టే పని లేదు. అలాంటి పిల్లకి మరచెంబు బాంబులా కనిపిస్తే వింతేముంది? ఆ చెంబు గలావిడ మాత్రం నిజంగా బాంబే. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి కావడం వల్ల మా అక్క పెళ్ళి తప్పిపోబోయింది. ఆ సంగతి పద్మకి చెబుదామని మొదలుపెడితే వంటింట్లోంచి అక్క, "సగం తీసేసి విను" అని కేకేసింది. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినాలని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏ సగం తియ్యాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

చెంబు మా రాజ్యమత్తది. మా నాన్నకి అక్కగారు, ఏలూరు పవర్‌పేటలో కాపురం. మాది తాడేపల్లిగూడెం. బజార్లో నాన్నకి గోతాలూ, తాళ్ళూ, పురికొసా అమ్మే కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. ఇల్లంతా జనపనార వాసన, కొబ్బరితాళ్ళ వాసన, వాటి మీద ఉల్లిపాయల మార్కెట్టు నుంచి వచ్చే ఘాటు. ఆ రోజుల్లో గూడెం స్టేషన్లో రైలాగితే కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకునేవారనీ, కొత్తగా వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరో పెద్దమనిషి పోయారనుకునేవారనీ నేను చెబుతుంటాను. ఆ ఇంట్లోకి అత్త అడుగు పెట్టిందంటే మాత్రం అన్ని వాసనలూ తప్పుకునేవి. ఆవిడ దగ్గర కర్పూరం, తమలపాకు, చింతపండుతో తోమిన ఇత్తడి కలిసిన వాసన ఒకటి ఉండేది. దాన్ని నేను ప్రయాణం వాసన అనేదాన్ని. అత్త వెనకాల మామయ్య వచ్చేవారు, చేతిలో ఆ మరచెంబుతో. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. అత్తతో కాపురం చేసినవాళ్ళెవరికైనా ఆ అవకాశం దొరికేది కాదు.

మా చుట్టాల్లో ఎవరు ఊరికి బయల్దేరాలన్నా ముందు అత్తని అడిగేవారు. రైల్లో చోటెలా సంపాదించాలి, కొత్త ఊళ్ళో ఎవరిని దారి అడగాలి, ఎవరింట్లో ఎంతసేపు కూర్చోవాలి, అన్నీ ఆవిడకి లెక్కే. ఆడవాళ్ళ పెట్టె ఎక్కగానే ఖాళీ కోసం వెతక్కూడదు, ఒళ్ళో మూట కట్టుకుని కొంగు సర్దుకుంటున్న మనిషి ఎవరో చూసి ఆవిడ పక్కన నిలబడాలి, వచ్చే స్టేషన్లో దిగేది ఆవిడే. దారి అడగాలంటే వీధిలో నిలబడ్డ మగవాణ్ణి అడక్కూడదు, వాడికి తెలియకపోయినా చెబుతాడు. బిందెతో నీళ్ళు తెచ్చుకునే ఆవిణ్ణి అడగాలి, బరువు మోస్తున్న మనిషికి చుట్టుదారి చెప్పే ఓపిక ఉండదు. తోటి ప్రయాణికులకి మన ఊరు చెప్పేముందు వాళ్ళ ఊరు అడగాలి. అలా అడిగి అడిగి అత్త ఉంగుటూరులో ఎక్కిన మనిషిని దెందులూరు వచ్చేసరికి వేలువిడిచిన మేనకోడలిని చేసేసేది. ఇవన్నీ పద్మకి చెబితే మూట సంగతి మాత్రం చాలా బాగుందంది, విశాఖపట్నం బస్సుల్లో వాడుకుంటానంది. విద్యలో కొంతైనా మిగిలిందని సంతోషించాను.

అన్నిటికన్నా పెద్ద సూత్రం భోజనానిది. ఎవరింటికి వెళ్ళినా, ఎంత ఆకలిగా ఉన్నా, "ఇప్పుడే తిని వచ్చామండీ" అనాలి. అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేది. "మొదట ఊరికే అడుగుతారే. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని అడక్కపోతే బాగుండదు కదా. రెండోసారి మనమేమనుకుంటామోనని అడుగుతారు. మూడోసారి అడిగారనుకో, అప్పుడు నిజంగా పెట్టాలని ఉన్నట్టు. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కోవాలి." గూడెంలో, ఏలూరులో, తణుకులో మా వాళ్ళందరి ఇళ్ళలో ఇదే నడిచేది. మూడుసార్లు అడగడం, రెండుసార్లు వద్దనడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. దీనివల్ల ఎవరూ పస్తున్న దాఖలా లేదు. ఆ సూత్రం నీళ్ళు దాటితే చెల్లదని అత్తకి ఎవరూ చెప్పలేదు.

అక్కకి సంబంధం లంకలోంచి వచ్చింది. మా వాళ్ళే, కిరాణా కొట్టుంది. పిల్లాడి పేరు రత్నం. తండ్రి లేడు, తల్లి సీతమ్మగారు కొట్టూ ఇల్లూ నడిపి పెంచింది. రత్నం వాళ్ళ మేనమామతో వచ్చి అక్కని చూసుకుని వెళ్ళాడు. ఇక మేము వెళ్ళి వాళ్ళ ఇల్లూ, వాకిలీ, మనుషుల తీరూ చూసి రావాలి. అది బాగుంటే తాంబూలాలు. నాన్న, అత్త, మామయ్య బయల్దేరారు. శుభకార్యానికి ముగ్గురు వెళ్ళకూడదని, నాలుగో తలకాయగా నన్ను చేర్చారు. అమ్మకి అది నచ్చలేదు, అక్కకి అసలు నచ్చలేదు. ముందురోజు సాయంత్రం నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"అక్కడ నువ్వు నోరు విప్పకూడదే చిట్టీ."

"ఏం?"

"కిందటేడు తణుకు షావుకారు గారితో మా ఇంట్లో ఏనుగుండేదని చెప్పావు."

"ఆయన నమ్మారుగా."

"నమ్మారు కాబట్టే చెబుతున్నాను. వెళ్తూ వెళ్తూ, ఏనుగుని ఎవరికమ్మారండీ అని నాన్నని అడిగారు."

ఆ పిల్లాడంటే నీకంత ఇష్టమా అని అడిగాను. ఎవరూ వినడం లేదని ఒకసారి చుట్టూ చూసుకుంది. తరవాత చెప్పింది. సంబంధం మాట పుట్టకముందే అతను ఒకసారి మా కొట్టుకి పురికొస కొనడానికి వచ్చాడట. ఉండ చిక్కుపడిపోతే నాన్న కత్తి తీసి కొయ్యబోయాడట. "ఉండండి" అని అతను ఉండ తీసుకుని, గోతాల మీద కూర్చుని, కొస పట్టుకుని నింపాదిగా అంతా విప్పాడట. అక్క తలుపు చాటు నుంచి అదంతా చూసిందట. "ఒక్క పోగు తెంపలేదే" అంది. ఇంత చిన్నదానికి మనిషిని ఇష్టపడతారా అని నాకు అప్పుడు అనిపించింది. ఇప్పుడు అనిపించదు. నోరు విప్పనని అక్క చెయ్యి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

పుట్టింటి గుమ్మంలోంచే బయల్దేరాలని అత్త మామయ్యతో ముందురోజే గూడెం వచ్చేసింది, పొద్దున్నే అందరం పాసింజరు ఎక్కాం. ఆ బండి ఎంత నెమ్మదిదంటే, కైకరంలో దిగి మజ్జిగ తాగి, గ్లాసు కడిగి ఇచ్చేసి, పరిగెత్తకుండానే మళ్ళీ ఎక్కొచ్చు. మామయ్య ఎక్కారు కూడా. నీళ్ళ మీద వెళ్ళేటప్పుడు కడుపు నిండుగా ఉండకూడదని అత్త ఎవరికీ ఏమీ పెట్టలేదు. అమ్మ కట్టిచ్చిన మినపసున్నుండల మూట తిరుగు ప్రయాణానికని తన సంచిలో వేసుకుంది. ఏలూరులో దిగి, ఎడ్లబండి మాట్లాడుకుని, పెదపాడు దాటి కొల్లేటి ఒడ్డుకి చేరేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. అక్కణ్ణుంచి పడవ. కిక్కిసగడ్డి మధ్యలోంచి పడవ వెళ్తుంటే రెండు పక్కలా పక్షులు లేచి మళ్ళీ వాలేవి. పడవతను గెడ వేస్తూ, "లంకలో ఎవరింటికండీ?" అన్నాడు. అత్త తన సూత్రం ప్రకారం ముందు అతని ఊరు అడిగింది. అతను నవ్వి, "ఈ నీళ్ళేనండీ" అన్నాడు. ఆ ఊరితో చుట్టరికం కలపడం అత్తకి కూడా చేతకాలేదు.

రేవులో దిగగానే ఒక పెద్దాయన ఎదురొచ్చి దణ్ణం పెట్టి, "గూడెం వారాండీ? రండి, రండి, ఎండన పడి వచ్చారు" అని పక్కనే ఉన్న ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆయన రత్నానికి స్వయానా పెదనాన్న. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటి మధ్య గోడ లేచింది, మాటలు పోయాయి. ఇదంతా మాకు తరవాత తెలిసింది. దారిలో పలకరించిన పెద్దవాళ్ళని తోసిరాజనకూడదన్నది అత్త మరో సూత్రం. కాళ్ళకి నీళ్ళిస్తే కడుక్కుని, రెండు మాటలు మాట్లాడి లేచాం. అవతలి వాకిట్లో ఒకావిడ నిలబడి మమ్మల్నే చూస్తోందని నేను గమనించాను. నోరు విప్పనని ఒట్టు కనక చెప్పలేదు.

ఆవిడే సీతమ్మగారు. ఇల్లు అలికి ముగ్గులు పెట్టి ఉంది. వంటింట్లోంచి వస్తున్న వాసనలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, అప్పుడే వేయించిన వడియాలు, కాచిన నెయ్యి. గోడవార అరిటాకులు కడిగి నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ చాపలు పరిచి, మంచినీళ్ళిచ్చి, "లేవండి, భోజనాలు చేద్దురుగాని" అంది.

"ఇప్పుడే తిని వచ్చామండీ" అంది అత్త.

సీతమ్మగారి మొహం మారింది. చేతిలో ఉన్న నీళ్ళచెంబు కింద పెట్టింది. "పోనీ, కొంచెమైనా. వండి పెట్టుకున్నాను" అంది.

"అయ్యో, కడుపులో చోటు లేదండీ" అంది అత్త ఇంకా తియ్యగా, మూడోదాని కోసం కొంగు సర్దుకుంటూ.

"సరేలెండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మేము చావిట్లో అలాగే కూర్చున్నాం. రత్నం గడప దగ్గర నిలబడి లోపలికీ బయటికీ చూస్తున్నాడు. అత్త రాని మూడో పిలుపు కోసం వంటింటి గుమ్మం వైపు చూస్తోంది. మామయ్య కడుపులోంచి పడవ ఇసకలో ఒరుసుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. చివరికి నాన్న అత్త వైపు వంగి, "లేద్దామా అక్కా" అన్నాడు మెల్లిగా. "రెండో మాటకే సరేలెండి అనే ఇంట్లో మన పిల్ల కడుపు నిండుతుందంటావా?" అత్త లేద్దామన్నట్టు తల ఊపింది. నా కళ్ళ ముందు గోతాల మీద కూర్చుని పురికొస విప్పుతున్న మనిషి కనిపించాడు. అక్క కనిపించింది. ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు నాకు ఆకలి ఇంకా ఎక్కువవుతుంది. చేతులు కడుక్కొస్తానని లేచి, పోతూ పోతూ అత్త సంచీ, మామయ్య పక్కనున్న మరచెంబూ పట్టుకుపోయాను.

పెరట్లో గడ్డిమేటు వెనక చేరి సున్నుండ ఒకటి మొత్తం నోట్లో కుక్కుకున్నాను. సున్నుండ తినేవాళ్ళు మాట్లాడకూడదు. సరిగ్గా అప్పుడు సీతమ్మగారు పెరట్లోకి వచ్చింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"అదేంటమ్మా, తిని వచ్చామన్నారుగా. మా బావగారింట్లో సరిగ్గా పెట్టలేదా?"

నేను నోరు విప్పాను. పిండి లేచింది. దగ్గు వచ్చింది. ఆవిడ నా చేతిలోంచి చెంబు లాక్కుని, మూత తిప్పి నా నోట్లో నీళ్ళు పోసి, వీపు మీద చరిచింది. ఒట్టు ఎలాగూ పోయింది కనక ఇక ఆగలేదు.

"మేమెవరింట్లోనూ తినలేదండీ. అరుగు మీద కాళ్ళు కడుక్కున్నాం, అంతే. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"మరి మీ అత్తయ్య..."

"మా అత్త ఎక్కడికెళ్ళినా అలాగే అంటుందండీ. మూడోసారి అడిగితేనే తినాలి. మీరు రెండుసార్లే అడిగారు."

ఆవిడ అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది. "మా లంకలో ఆకలేస్తే ఆకలేస్తోందంటారమ్మా. తిన్నామంటే తిన్నట్టే. ఇంత దూరం నీళ్ళ మీద వచ్చి తిన్నామని ఎవరంటారు?" అని గోడ అవతలికి చూపించి, "కిందటి వేసవిలోనూ ఒక సంబంధం వాళ్ళొచ్చారు. ఆ అరుగు మీదే కూర్చున్నారు, అక్కడే భోంచేశారు, ఆయన చెప్పినవన్నీ విన్నారు. మా ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మీరూ అంతేననుకున్నాను" అంది. మళ్ళీ అనుమానం వచ్చింది. "నిజంగానే చెబుతున్నావా?"

"నేను అబద్ధాలు చెబుతానండీ. అన్నం సంగతిలో మాత్రం చెప్పను. కావాలంటే వెళ్ళి మా మామయ్య పక్కన కూర్చోండి, వినిపిస్తుంది."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "మూడోసారి అడిగితే ఏం చేస్తారు?" అంది.

"లేచి కాళ్ళు కడుక్కుంటామండీ."

మేము లోపలికి వచ్చేసరికి నాన్న కండువా భుజాన వేసుకుని నిలబడ్డాడు. సీతమ్మగారు తిన్నగా అత్త ముందుకి వెళ్ళి, "ఏవండీ వదినగారూ, మూడోసారి అడుగుతున్నాను. ఆకులు వేయించమంటారా?" అంది. అత్త నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నన్ను ఇంటికెళ్ళాక ఏం చేస్తుందో పూర్తిగా చెప్పింది. తరవాత తొణక్కుండా, "మీరింతలా అంటే కాదంటామా అండీ" అని లేచింది. నాన్న నిలబడ్డవాడు నిలబడ్డట్టే నూతి దగ్గరికి నడిచాడు. కాళ్ళు కడుక్కోవడానికి అందరికన్నా ముందు పరిగెత్తింది మామయ్య.

ఆ రోజు మేము తిన్నది చూసి సీతమ్మగారికి ఇక ఏ అనుమానమూ మిగల్లేదు. రత్నం స్వయంగా వడ్డించాడు. దప్పళం గిన్నె రెండోసారి తెచ్చినప్పుడు "వేసుకుంటారాండీ" అని మూడుసార్లు అడగబోయాడు. నాన్న ఒక్కసారికే ఆకు ముందుకి జరిపాడు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి అత్త సీతమ్మగారికి సంగతంతా విప్పి చెప్పింది, తన సూత్రంతో సహా. "మా వైపు అలా కాదండీ" అని ఆవిడ, "మరి మా వైపు ఇలా" అని ఈవిడ చాలాసేపు చెప్పుకున్నారు. నవ్వుకున్నారు కూడా. తాంబూలాలకి ముహూర్తం అప్పుడే పెట్టుకున్నారు. పెదనాన్నతో గొడవ ఆ రోజు తీరిందని నేను చెబుతుంటాను కానీ, తీరలేదు. పెళ్ళయ్యాక బావ ఆ చిక్కునీ తన పద్ధతిలోనే, కొస పట్టుకుని, ఏళ్ళ తరబడి విప్పాడు. తిరుగు పడవలో అత్త నన్ను తిట్టడానికి చాలాసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ చివరికి ఒక సున్నుండ చేతిలో పెట్టింది. నా జీవితంలో నిజం చెప్పి సాధించిన పని అదొక్కటే. అందుకే దానికి ఇంత పేరు పెట్టుకుని చెప్పుకుంటాను.

అక్క కాపురానికి వెళ్ళేటప్పుడు అత్త ఆ మరచెంబు ఇచ్చి పంపింది. "నీళ్ళ మధ్య కాపురానికి నీళ్ళ చెంబు ఎందుకు అత్తా" అంటే, "మూత బిగించి పంపుతున్నానే, మీ అత్తగారికి తియ్యడం వచ్చు" అంది. ఇప్పుడు లంకకి పడవ అక్కర్లేదు, కట్ట మీద రోడ్డేశారు, బస్సు అక్క గుమ్మం ముందే ఆగుతుంది. వరిచేలు పోయి చేపల చెరువులు వచ్చాయి. ఎవరైనా వస్తే ముందు కబురు పంపుతారు. వచ్చాక "కాఫీయా, టీయా" అని ఒకసారే అడుగుతారు, వీళ్ళూ ఒకసారే చెబుతారు. నాకు అది తప్పని అనిపించదు. పద్మ ఆకలేస్తే ఆకలేస్తోందంటుంది, వద్దనిపిస్తే వద్దంటుంది. వాళ్ళ నాయనమ్మ పోలిక. అలాంటి పిల్ల ఏ ఊళ్ళోనైనా బతుకుతుంది. మూడుసార్లు అడిగించుకోవడంలో ఉన్న సుఖం మాత్రం దానికి తెలియదు. ఒక మనిషి మనల్ని తినిపించడానికి కొంచెం కష్టపడితే వచ్చే సుఖం అది.

చెంబు మూత సంగతికొస్తే, సుత్తితో కొడదామని పద్మ అంటుంటే బావ "ఉండు" అని తీసుకుపోయాడు. కాస్త నూనె వేసి, వసారాలో కూర్చుని, అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయాడు. ఆ పక్కనే మంచం మీద సీతమ్మగారు. ఇప్పుడు బాగా పెద్దావిడ, మనుషుల పేర్లు కలిసిపోతున్నాయి. పద్మని అక్క పేరుతోనూ, నన్ను ఎవరెవరి పేర్లతోనో పిలుస్తోంది. వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "ఎక్కణ్ణుంచి వచ్చావమ్మా? అన్నం తిన్నావా?" అంది.

పొద్దున్న బస్సెక్కినప్పటి నుంచీ నేను ఏమీ తినలేదు. "ఇప్పుడే తిని వచ్చానండీ" అన్నాను, అలవాటుగా.

"కొంచెమైనా తినకూడదూ."

"కడుపులో చోటు లేదండీ."

ఆవిడ చెరువుల వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. మర్చిపోయిందనుకున్నాను. అప్పుడు నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, నా వైపు తిరిగి, "గూడెం పిల్లవి కదూ నువ్వు" అంది. "మూడోసారి అడుగుతున్నాను."

లేచి కాళ్ళు కడుక్కున్నాను.